ఏటీపీ బంధం తెగితే శక్తి వస్తుందా, ఖర్చవుతుందా?

సోంపేట వైపు నుంచి వచ్చి విజయనగరంలో హాస్టల్లో ఉంటూ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: "బోటనీ పుస్తకంలో ఏటీపీలోని అధిక శక్తి బంధం తెగినప్పుడు శక్తి విడుదలవుతుందని ఉంది. మా కెమిస్ట్రీ సార్ మాత్రం ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే అన్నారు. ఏది నిజం? అసలు ఒంట్లో ఏటీపీ ఎంత నిల్వ ఉంటుంది? మా అన్నయ్య వెయిట్‌లిఫ్టింగ్ చేస్తాడు. క్రియాటిన్ పొడి వాడదామనుకుంటున్నాడు. దానికీ ఏటీపీకీ సంబంధం ఉందా?"

అమ్మా, విజయనగరంలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు బయోకెమిస్ట్రీ చెప్పాను. నీ మొదటి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసేవాణ్ణి. రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివినవాళ్లకే ఈ సందేహం వస్తుంది. నీకు వచ్చింది, సంతోషం.

సూటిగా చెప్పాలంటే మీ కెమిస్ట్రీ సార్ చెప్పిందే నిజం. ఏ బంధం తెగాలన్నా శక్తి పెట్టాలి. కణం తన పనులకు శక్తి కోసం వాడుకునే అణువు ఏటీపీ (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్). దాని చివరి ఫాస్ఫేట్ బంధానికి మినహాయింపేమీ లేదు. అయితే చర్య అక్కడితో ఆగిపోదు. నీటి అణువు వచ్చి చేరుతుంది, కొత్త బంధాలు ఏర్పడతాయి, విడిపోయిన రెండు ముక్కల చుట్టూ నీటి అణువులు మూగుతాయి. ఇవన్నీ జరిగేటప్పుడు వచ్చే శక్తి, మొదట తెంచడానికి పెట్టినదానికంటే ఎక్కువ. ఆ మిగులే కణానికి దక్కుతుంది. పుస్తకం ఆ మిగులు మొత్తాన్నీ తెగిన బంధం పేరున రాసేసింది, అంతే తేడా.

రెండో ప్రశ్నకు: ఏటీపీ నిల్వ సరుకు కాదు. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది వంద గ్రాముల లోపే. మూడోదానికి: సంబంధం ఉంది, చాలా సూటి సంబంధం. కానీ మీది మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం కాబట్టి రక్త, మూత్ర పరీక్షలు చేయించకుండా మీ అన్నయ్య ఆ డబ్బా మూత తియ్యకూడదు. ఎందుకో చివర్లో వివరంగా చెబుతాను.

ఇక కారణాలు.

ఏటీపీ అణువులో మూడు ఫాస్ఫేట్‌లు వరసగా గుచ్చి ఉంటాయి. కణంలో ఉండే పీహెచ్ దగ్గర వాటి మీద దాదాపు నాలుగు రుణావేశాలుంటాయి, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. చివరి ఫాస్ఫేట్ విడిపోతే ఆ నెట్టుడు తగ్గుతుంది. విడిగా బయటపడ్డ ఫాస్ఫేట్ అయాన్‌లో ఎలక్ట్రాన్లు నాలుగు ఆక్సిజన్‌ల మధ్య పంచుకోబడతాయి (రెజోనెన్స్ అని కెమిస్ట్రీలో చదివావు కదా, అదే), కాబట్టి అది గొలుసులో ఉన్నప్పటికంటే స్థిరంగా ఉంటుంది. పైగా విడి ముక్కలను నీరు ఇంకా బాగా చుట్టుకుంటుంది. మొత్తమ్మీద ఇటువైపు ఏటీపీ, నీరు ఉన్న స్థితికంటే అటువైపు ఏడీపీ (రెండు ఫాస్ఫేట్‌లే మిగిలిన అణువు), ఫాస్ఫేట్ ఉన్న స్థితి కిందిమెట్టు. ప్రామాణిక పరిస్థితుల్లో ఈ తేడా మోల్‌కు 30.5 కిలోజౌళ్లు.

మరి "అధిక శక్తి బంధం" అనే మాట ఎక్కడిది? 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ రాసిన వ్యాసంతో అది స్థిరపడింది. ఆయనే ఆ బంధాన్ని అలలాంటి గీతతో చూపించాడు, ఇప్పటికీ పుస్తకాల్లో ఆ గీత కనిపిస్తుంది. ఒక ఫాస్ఫేట్‌ను ఇంకో అణువుకు అందించగల సామర్థ్యం ఎంత అన్నదే ఆయన ఉద్దేశం. బంధం లోపల శక్తి దాగి ఉందని కాదు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయి, మార్కులు పోగొట్టుకోవద్దు.

ఇదే తర్కం తిండికీ వర్తిస్తుంది. "గ్లూకోజ్ బంధాల్లో శక్తి ఉంది" అంటాం. నిజానికి ఆ శక్తి గ్లూకోజ్‌దీ ఆక్సిజన్‌దీ ఉమ్మడి ఆస్తి. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువుల మధ్య ఉన్న బంధం, కార్బన్ డయాక్సైడ్‌లోనూ నీటిలోనూ ఉండే బంధాలతో పోలిస్తే బలహీనం. బలహీన బంధాలు పోయి బలమైన బంధాలు ఏర్పడినప్పుడు మిగులు వస్తుంది. దీనికి మంచి ఆధారం ఉంది: అన్నం అరిగినా, నెయ్యి అరిగినా, ఒంట్లో ఒక లీటరు ఆక్సిజన్ ఖర్చయితే వచ్చే శక్తి ఇంచుమించు 20 కిలోజౌళ్లే. ఇంధనం మారినా ఈ అంకె పెద్దగా మారదు. మనిషి ఎంత శక్తి ఖర్చు పెడుతున్నాడో ఊపిరి కొలిచి చెప్పగలుగుతున్నది అందుకే.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. చాలామంది విద్యార్థులు 30.5 అనే అంకె దగ్గర ఆగిపోతారు. ఏటీపీ అణువుకు సొంతంగా ఇంత శక్తి అని ఏమీ లేదు. కణం దాన్ని ఎంత ఎక్కువగా, ఏడీపీని ఎంత తక్కువగా ఉంచుతోంది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

హిరమండలం దగ్గర వంశధార మీద గొట్టా బ్యారేజీ ఉంది కదా. పైన నీటిమట్టం ఎత్తుగా, దిగువన తక్కువగా ఉన్నంతవరకే గేటెత్తితే నీరు ఉరుకుతుంది. రెండువైపులా మట్టం సమానమైతే గేట్లన్నీ ఎత్తినా చుక్క కదలదు. నీరు అదే నీరు, మారింది మట్టాల తేడా. ఏటీపీ సంగతి కూడా సరిగ్గా ఇంతే. దాన్ని తగిన ఎంజైముతో కలిపి నీళ్లలో వదిలేస్తే దాదాపు అంతా ఏడీపీగా, ఫాస్ఫేట్‌గా మారి ఒకచోట ఆగుతుంది. అది సమతాస్థితి. అక్కడ కూడా కాస్త ఏటీపీ మిగిలే ఉంటుంది, కానీ దానితో కండరం కదలదు, నాడి పనిచెయ్యదు, ప్రోటీన్ తయారు కాదు. బతికున్న కణంలో ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్‌ల నిష్పత్తి ఈ సమతాస్థితి నుంచి సుమారు వెయ్యి కోట్ల రెట్ల దూరంలో ఉంటుంది. ఆ దూరం వల్లే 30.5 కాస్తా కణం లోపల 50 నుంచి 60 కిలోజౌళ్ల దాకా పెరుగుతుంది. కణం తినే తిండిలో, పీల్చే గాలిలో చాలా భాగం ఆ దూరాన్ని తగ్గకుండా కాపాడుకోవడానికే పోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఏటీపీ నీటిలో తనంతట తానుగా విడిపోదు, లేదా చాలా మెల్లగా విడిపోతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన ఏటీపీ పొడిని నీళ్లలో కరిగించి పరీక్షనాళికను పిల్లల చేతికిచ్చేవాణ్ణి. వేడెక్కుతుందని ఎదురుచూసేవారు, ఏమీ జరిగేది కాదు. శక్తి దృష్ట్యా కిందికి జారడానికి సిద్ధంగా ఉన్నా, ఎంజైము వచ్చి దారి చూపించేదాకా జారదు. ఈ నిబ్బరం లేకపోతే అది ఎందుకూ పనికిరాదు. దారిలోనే కరిగిపోయి ఒంటిని ఊరికే వేడెక్కించేది.

కణం కూడా మామూలుగా ఏటీపీని నీటితో ఊరికే విడగొట్టదు. అలా చేస్తే వచ్చేది వేడి మాత్రమే. హెక్సోకైనేజ్ అనే ఎంజైము చేసేది చూడు: ఏటీపీ చివరి ఫాస్ఫేట్‌ను నేరుగా గ్లూకోజ్‌కు తగిలిస్తుంది. గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించడానికి 13.8 కిలోజౌళ్లు కావాలి, ఏటీపీ వైపు నుంచి 30.5 వస్తుంది, రెండూ ఒకే ఎంజైము ఒడిలో ఒకే చర్యగా జరిగిపోతాయి. శక్తి ఎక్కడో విడుదలై, గాల్లో తేలి, ఇంకోచోటికి చేరదు. "శక్తి విడుదల" అనే మాట వల్ల పిల్లల మనసులో పడే తప్పు బొమ్మ ఇదే. జరిగేది విడుదల కన్నా ఎక్కువగా బదిలీ.

ఫాస్ఫేట్ ఉన్న అణువులన్నిటిలో ఏటీపీది మధ్యస్థానం అన్నది కూడా గుర్తుపెట్టుకో. ఫాస్ఫేట్‌ను వదిలితే వచ్చేది, మోల్‌కు కిలోజౌళ్లలో: ఫాస్ఫోఎనోల్ పైరువేట్‌కు 61.9, ఫాస్ఫోక్రియాటిన్‌కు సుమారు 43, ఏటీపీకి 30.5, గ్లూకోజ్ ఆరో ఫాస్ఫేట్‌కు 13.8. అందరికంటే పైన ఉంటే దాన్ని తయారుచెయ్యడమే కష్టమయ్యేది, అందరికంటే కింద ఉంటే ఎవరికీ ఇవ్వలేకపోయేది. పైవాళ్ల దగ్గర తీసుకుని కిందివాళ్లకు ఇవ్వగలగడమే దాని గొప్ప.

మరి సమతాస్థితి నుంచి ఆ దూరాన్ని నిలబెట్టేది ఎవరు? ఎక్కువ భాగం మైటోకాండ్రియా. గ్లైకోలైసిస్, క్రెబ్స్ వలయం నీకు పుస్తకంలో వివరంగానే ఉంటాయి, వాటిని ఇక్కడ మళ్లీ చెప్పను. ఆ రెండు దశల్లో నేరుగా వచ్చే ఏటీపీ చాలా తక్కువ, గ్లూకోజ్‌కు నాలుగే. మిగతాదంతా ఎలా వస్తుందన్నది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఏదో ఒక మధ్యస్థ అణువు ఫాస్ఫేట్‌ను మోసుకొస్తుందని అందరూ దాని కోసం వెతికారు, దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త, అలాంటి అణువే లేదు, మైటోకాండ్రియా లోపొరకు అటూ ఇటూ ప్రోటాన్‌ల తేడా ఉండటమే ఆ మధ్యస్థం అన్నాడు. చాలా ఏళ్లు ఎవరూ ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు.

నాకు బాగా నచ్చే ఆధారం 1966లో జాగెన్‌డార్ఫ్, ఉరీబ్ చేసిన ప్రయోగం. పాలకూర హరితరేణువుల లోపలి పొరలను చీకట్లో పీహెచ్ 4 ఉన్న ఆమ్లంలో నానబెట్టారు. లోపలంతా ప్రోటాన్‌లు నిండాయి. ఆ తర్వాత వాటిని ఒక్కసారిగా పీహెచ్ 8 ఉన్న ద్రవంలోకి, ఏడీపీ, ఫాస్ఫేట్‌లతో పాటు, మార్చారు. వెలుగు లేదు, చక్కెర లేదు, శ్వాసక్రియ లేదు. అయినా ఏటీపీ తయారైంది. ప్రోటాన్‌ల తేడా ఒక్కటి చాలునని ఇంతకంటే తేటగా చెప్పే ప్రయోగం నేను చూడలేదు. క్లాసులో బోర్డు మీద ఈ బొమ్మ గీసి, జవాబు చెప్పకుండా, "ఏమవుతుంది?" అని అడిగితే గది మొత్తం వాదనలోకి దిగేది.

మైటోకాండ్రియాలో ఆ పొరకు అటూ ఇటూ ఉండే విద్యుత్ తేడా 150 మిల్లీవోల్టుల పైనే. వినడానికి చాలా చిన్నది. కానీ పొర మందం 5 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది కాబట్టి, మీటరు లెక్కన చూస్తే అది 3 కోట్ల వోల్టులు. ఈ ఒత్తిడికి ప్రోటాన్‌లు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా లోపలికి దూరుతుంటే, ఆ ఎంజైములోని ఒక భాగం నిజంగానే గిరగిర తిరుగుతుంది. ఇది నేను పోలికకు చెప్పడం లేదు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ తిరిగే భాగానికి మెరిసే పోగు ఒకటి అతికించి, అది తిరగడాన్ని మైక్రోస్కోపులో కళ్లారా చూశారు. ఈ ఎంజైము పనితీరు విప్పినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు అదే ఏడాది నోబెల్ వచ్చింది. ఒక చుట్టుకు మూడు ఏటీపీలు.

ఒక గ్లూకోజ్‌కు వచ్చే ఏటీపీలు 38 అని రాయాలా, 32 అని రాయాలా అని ఎలాగూ అడుగుతావు, ఇక్కడే చెప్పేస్తాను. తిండి నుంచి ఎలక్ట్రాన్లను మోసుకొచ్చే అణువు ఎన్‌ఏడీహెచ్. ఒక ఎన్‌ఏడీహెచ్ వల్ల బయటికి నెట్టబడే ప్రోటాన్‌లు 10. ఒక ఏటీపీ తయారై బయటికి రావడానికి, ఫాస్ఫేట్ లోపలికి చేరే ఖర్చుతో కలిపి, సుమారు 4 ప్రోటాన్‌లు పడతాయి. అంటే ఎన్‌ఏడీహెచ్‌కు 2.5. అలాగే అలాంటిదే ఇంకో అణువు ఎఫ్‌ఏడీహెచ్2 కు 6 ప్రోటాన్‌లు, అంటే 1.5. పది ఎన్‌ఏడీహెచ్‌లకు 25, రెండు ఎఫ్‌ఏడీహెచ్2 లకు 3, నేరుగా వచ్చినవి 4, మొత్తం 32. కొన్ని కణాల్లో గ్లైకోలైసిస్ నుంచి వచ్చిన ఎన్‌ఏడీహెచ్ లోపలికి వెళ్లే దారి వేరు కాబట్టి 30. పాత లెక్క 3, 2 పూర్ణాంకాలు వేసుకోవడం వల్ల 38 వచ్చింది. నీట్‌కైనా ఇంటర్‌కైనా నీ పుస్తకంలో ఏది ఉంటే అది రాయి. కణంలో జరిగేది మాత్రం 30 నుంచి 32.

రెండో ప్రశ్న: ఒంట్లో ఎంత ఉంటుంది?

ఈ లెక్క నువ్వే చెయ్యగలవు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడు. రోజుకు 360 లీటర్లు. 22.4తో భాగిస్తే 16 మోల్‌లు. ఒక ఆక్సిజన్ అణువుకు రెండు పరమాణువులు, పరమాణువుకు ఇంచుమించు 2.5 ఏటీపీ, అంటే అణువుకు 5. మొత్తం 80 మోల్‌లు. ఏటీపీ అణుభారం 507. గుణించి చూడు: 40 కిలోల పైనే. పొరల్లోంచి కొన్ని ప్రోటాన్‌లు ఊరికే కారిపోతాయి కాబట్టి నిజంగా తయారయ్యేది ఇంతకంటే కొంత తగ్గుతుంది. అయినా ఏ పనీ చెయ్యకుండా కూర్చున్న మనిషి, రోజుకు తన బరువులో సగానికి దగ్గరగా ఏటీపీ తయారుచేసి ఖర్చుపెడుతున్నాడు. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉన్నది మాత్రం 50 నుంచి 100 గ్రాములు. అంటే ఒక్కో అణువు రోజులో వందలసార్లు విడిపోయి మళ్లీ కూడుతోంది.

కాబట్టి "నిల్వ" అనే మాట కొవ్వుకూ గ్లైకోజన్‌కూ (గ్లూకోజ్‌లు గొలుసుగా కూడిన పదార్థం) చెల్లుతుంది. కాలేయంలో గ్లైకోజన్ 100 గ్రాముల చుట్టూ, కండరాల్లో 400 గ్రాముల చుట్టూ ఉంటుంది. కొవ్వు మామూలు మనిషిలో కూడా పది కిలోలకు తగ్గదు. గ్రాముకు 9 కిలోకేలరీలు, అందులోనూ నీరు పట్టుకోకుండా. గ్లైకోజన్ గ్రాముకు 4 మాత్రమే, పైగా తన బరువుకు మూడింతల నీటిని మోస్తుంది. ఎక్కువకాలపు నిల్వకు కొవ్వు ఎందుకో దీన్నిబట్టే తెలుస్తుంది. అయితే కొవ్వును కరిగించాలంటే ఆక్సిజన్ ఉండి తీరాలి. గ్లైకోజన్ అయితే ఆక్సిజన్ లేకపోయినా కొద్దోగొప్పో ఏటీపీ ఇవ్వగలదు. మన ఇళ్లలో కుండలో తరవాణి పులిసేది ఆ దారిలోనే. అందులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ జోలికి పోకుండా గ్లూకోజ్‌కు రెండే ఏటీపీలు తీసుకుని మిగతాదాన్ని లాక్టిక్ ఆమ్లంగా వదిలేస్తాయి. ఆ పులుపు అదే.

ఏటీపీ తయారీ ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే తీరానికి వెళ్లాలి. కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చిన పిల్లలు క్లాసులో నాకంటే ముందే చెప్పేసేవారు: కొయ్యబారిన చేప తాజాది, మెత్తబడింది పాతది. కండరం బిగియడానికి మాత్రమే ఏటీపీ కావాలని చాలామంది అనుకుంటారు. బిగిసిన కండరం సడలడానికి కూడా ఏటీపీ కావాలి. కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్ ఆక్టిన్ అనే ఇంకో ప్రోటీన్‌ను పట్టుకున్నాక, కొత్త ఏటీపీ వచ్చి అతుక్కుంటేనే పట్టు వదులుతుంది. చేప చచ్చాక ఆక్సిజన్ అందదు, కొంతసేపు గ్లైకోజన్‌తో నడుస్తుంది, అదీ అయిపోతే పట్టు పట్టినట్టే ఉండిపోతుంది. వలలో ఎక్కువసేపు కొట్టుకున్న చేప తొందరగా కొయ్యబారుతుంది, ఎందుకంటే ఉన్నదంతా ముందే ఖర్చుపెట్టేసింది. ఐసులో వేస్తే ఈ వరస అంతా నెమ్మదిస్తుంది. తర్వాత మెత్తబడేది ప్రోటీన్లు విడిపోవడం మొదలయ్యాక. ఈలోగా ఏటీపీ ఏడీపీగా, ఏఎంపీగా, ఐఎంపీగా దిగుతుంది. చేపకు రుచినిచ్చే వాటిలో ఐఎంపీ ఒకటి. అది ఇంకా దిగి ఇనోసిన్, హైపోజాంథిన్ అయితే చేదు మొదలవుతుంది. ఈ ముక్కల నిష్పత్తిని కొలిచే చేప ఎంత తాజాదో అంకెల్లో చెబుతారు. జపాన్‌లో దాన్ని కే విలువ అంటారు.

ఇక మీ అన్నయ్య సంగతి.

బరువు ఎత్తే మనిషికి కొన్ని క్షణాల్లోనే విపరీతమైన శక్తి కావాలి. కండరంలో ఉన్న ఏటీపీ, పూర్తి బలంతో పనిచేస్తే, రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. మైటోకాండ్రియా అంత తొందరగా అందుకోలేదు. ఆ ఖాళీని పూరించేది ఫాస్ఫోక్రియాటిన్. కండరంలో ఇది ఏటీపీకి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. ఏటీపీ ఏడీపీ అయిన మరుక్షణం, క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము ఆ ఫాస్ఫేట్‌ను ఏడీపీకి అందించి మళ్లీ ఏటీపీగా నిలబెడుతుంది. దీనివల్ల పది సెకన్ల దాకా దూకుడుగా పనిచెయ్యవచ్చు. మన ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఒక్కో ఎత్తుకూ కండరం ఆధారపడింది ప్రధానంగా ఈ రెండు అణువుల మీదే.

ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు తెలుగువాడని నీకు పుస్తకంలో చెప్పారో లేదో. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో వాళ్లిద్దరూ ప్రచురించారు. నా విద్యార్థులందరిచేతా ప్రాక్టికల్స్‌లో చేయించాను, ఇప్పటికీ చాలా కాలేజీల్లో చేయిస్తారు. ఆ పద్ధతిని కండరం మీద వాడినప్పుడు రంగు ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనాల లోపమని వదిలేసేవారేమో. వాళ్లు వదల్లేదు. ఆమ్లంలో సులువుగా విడిపోతున్న ఫాస్ఫేట్ పదార్థం ఏదో కండరంలో ఉందని, పనిచేయిస్తే తగ్గుతోందని, విశ్రాంతినిస్తే మళ్లీ పెరుగుతోందని పట్టుకున్నారు. 1927లో దాన్ని ఫాస్ఫోక్రియాటిన్‌గా గుర్తించారు. రెండేళ్లకు, 1929లో, ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. అప్పటిదాకా కండరం బిగియడానికి కారణం లాక్టిక్ ఆమ్లమనే అనుకునేవారు. 1930లో ఐనర్ లండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారవ్వకుండా విషం పెట్టిన కండరం కూడా బిగుస్తుందని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతోందని చూపించాక ఆ ఊహ కూలింది. మర్నాడు కాళ్లు పట్టేసి నొప్పిగా ఉంటే "లాక్టిక్ ఆమ్లం చేరింది" అని మీ అన్నయ్యవాళ్లు అంటారు చూడు, అదీ నిజం కాదు. లాక్టేట్ గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజ్ చేస్తుంది. ఆ నొప్పి కండరపు పోగుల్లో పడ్డ చిన్నచిన్న దెబ్బలది.

కాబట్టి క్రియాటిన్ పొడికి శాస్త్రం ఉంది. రోజుకు 3 నుంచి 5 గ్రాములు కొన్ని వారాలు తీసుకుంటే కండరంలో క్రియాటిన్ కొంత పెరుగుతుంది. పది సెకన్లలోపు బలప్రయోగాల్లో, అందులోనూ వెంటవెంటనే చేసేవాటిలో, కొద్దిపాటి మెరుగు కనిపిస్తుంది. చేపా మాంసం తినేవాళ్లకు ఇప్పటికే కొంత అందుతుంది కాబట్టి తేడా తక్కువ. మొదట్లో పెరిగే కిలోన్నర బరువు చాలావరకు నీరే, కండ అనుకుని మురిసిపోవద్దని చెప్పు. కొండవెలగాడ లాంటి ఊళ్లలో తరాలుగా లిఫ్టర్లు తయారవుతున్నది సాధన వల్ల, గురువుల వల్ల. పొడి వాటి తర్వాతే.

ఇప్పుడు మీ ప్రాంతం మాట. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంతగా ఉందో నీకు నేను చెప్పాలా. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది, చాలాకాలం ఏ లక్షణమూ కనిపించకుండా ముదురుతోంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలను క్రియాటిన్ పాడుచేస్తుందనడానికి ఆధారం లేదు. కానీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు, ఉద్దానంలో తమకు జబ్బు లేదని పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. ఇంకో చిక్కు కూడా ఉంది. డాక్టర్లు మూత్రపిండాల పనితీరుకు చూసే క్రియాటినిన్, క్రియాటిన్ విరిగితే వచ్చేదే. పొడి మొదలుపెట్టాక పరీక్ష చేయిస్తే ఆ అంకె కొంచెం పెరిగి కనిపించవచ్చు, అది జబ్బు వల్లా పొడి వల్లా అన్నది తేల్చడం కష్టమవుతుంది. అందుకని ముందు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించి, కాగితం దాచుకుని, డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లినా క్రియాటిన్ వాడుతున్నానని ముందే చెప్పాలి. అనుమానం వస్తే సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష ఉంది, దానిమీద క్రియాటిన్ ప్రభావం ఉండదు.

చివరిగా ఒకటి, నువ్వు అడగలేదు కానీ జిమ్ములకు వెళ్లే పిల్లలందరికీ చెబుతుంటాను. కొవ్వు కరిగిస్తుందంటూ డీఎన్‌పీ, అంటే డైనైట్రోఫినాల్ అనే పసుపు పొడిని ఇంటర్నెట్‌లో అమ్ముతుంటారు. అది మైటోకాండ్రియా పొరలో ప్రోటాన్‌లు కారిపోయేలా చేస్తుంది. తిండి కాలుతుంది, ఆక్సిజన్ ఖర్చవుతుంది, ఏటీపీ మాత్రం రాదు, అంతా వేడిగా మారుతుంది. పసిపిల్లల వీపు దగ్గరుండే గోధుమరంగు కొవ్వు ఒంటిని వెచ్చగా ఉంచడానికి ఇదే పని చేస్తుంది, కానీ దానికి ఆపుకునే కట్టడి ఉంది. డీఎన్‌పీకి లేదు. 1930లలో అమెరికాలో బరువు తగ్గే మందుగా వాడి, జ్వరం ఆగక మనుషులు చనిపోయాక 1938లో నిలిపివేశారు. దానికి విరుగుడు లేదు. ఎవరైనా మీ అన్నయ్యకు ఇస్తే పారబొయ్యమను. ఇప్పటికే ఒక మాత్ర వేసుకుని ఒళ్లు కాలుతూ చెమటలు పోస్తుంటే, జ్వరం మాత్ర వేసి ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏం వేసుకున్నాడో పేరుతో సహా డాక్టర్‌కు చెప్పాలి.